తలుపు తీసిన రోజే టూరిస్టు రాడు: థాయ్‌లాండ్‌లో నేను చూసింది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కరోనా లాంటి దెబ్బ తిన్నాక ఒక దేశం టూరిజం మళ్లీ మామూలు కావడానికి ఎన్నాళ్లు పడుతుంది, ప్రభుత్వం డబ్బు పెట్టాల్సింది ప్రకటనల మీదా, రాయితీల మీదా? మీ ఎంబీఏ ప్రాజెక్టుకి పనికొచ్చే సిద్ధాంతమైతే నా దగ్గర లేదు. 2007 నుంచి విజయవాడలో కూర్చుని థాయ్‌లాండ్‌కి గ్రూపులు తీసుకెళ్తున్నాను, మధ్యలో రెండేళ్లు ఆఫీసు షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను, కాబట్టి ఆ ఒక్క దేశం గురించి చెప్తాను. ఎలాగూ ఈ ప్రశ్నకి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నా మాట ముందే చెప్పేస్తా. ప్రకటనలూ కాదు, రాయితీలూ కాదు. టూరిస్టుకీ బీచ్‌కీ మధ్య అడ్డం ఉండేవి మూడు: కాగితాలు, విమానంలో సీటు, అక్కడ దిగాక పనిచేసే మనిషి. ఈ మూడూ ఒకేసారి తిరిగి రావు, ఏది ఆలస్యమైతే దాని కోసం మిగతా రెండూ కాచుకుని ఉండాలి. ఇక ఎన్నాళ్లు అంటారా, థాయ్‌లాండ్‌కి 2025 దాటినా పాత అంకె రాలేదు.

ఆ అంకెలు చూడండి. 2019లో అక్కడికి వచ్చిన విదేశీయులు 3 కోట్ల 98 లక్షలు. 2020లో 67 లక్షలు, అదీ మొదటి మూడు నెలల పుణ్యమే. 2021 మొత్తానికి 4 లక్షల 28 వేలు! ఇంకోలా చెప్పాలంటే అంతకుముందు నాలుగైదు రోజుల్లో వచ్చే జనం ఆ ఏడాదంతా కలిపి వచ్చారు. 2022లో కోటీ 11 లక్షలు, 2023లో 2 కోట్ల 80 లక్షలు, 2024లో 3 కోట్ల 55 లక్షలు. ఇంకొక్క మెట్టు ఎక్కితే చాలనుకుంటున్న సమయంలో 2025లో మళ్లీ కిందికి జారి 3 కోట్ల 30 లక్షల లోపే ఆగింది. ఎందుకు జారిందో తర్వాత చెప్తాను, అదీ మీ ప్రశ్నలో భాగమే.

2020 మార్చిలో నా దగ్గర 42 మంది గ్రూపు ఉంది. తణుకు, భీమవరం వైపు ఎరువుల డీలర్లు, టార్గెట్ కొట్టినందుకు కంపెనీ ఇచ్చిన బ్యాంకాక్–పట్టాయా ట్రిప్పు. సీట్లు బ్లాక్ చేశాను, పట్టాయాలో హోటల్‌కి పూర్తి అడ్వాన్స్ కట్టేశాను, బ్యాగులకి కట్టే ట్యాగులు కూడా ప్రింటయ్యాయి. ఆ నెలాఖరుకి అక్కడ ఎమర్జెన్సీ పెట్టారు, ఏప్రిల్ మొదటివారంలో మామూలు ప్యాసింజర్ విమానాలు దిగడమే ఆపేశారు, ఇక్కడ మన లాక్‌డౌన్ సంగతి తెలిసిందే. హోటల్ వాళ్లు డబ్బు వెనక్కివ్వలేదు, ఎప్పుడొచ్చినా వాడుకోండి అని క్రెడిట్ వోచర్ పంపారు. మంచివాళ్లే, నాతో పదేళ్ల పరిచయం. కానీ మేం వెళ్లగలిగే నాటికి ఆ హోటల్ చేతులు మారింది, కొత్త ఓనరుకి మా వోచర్ చూపిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వుతూ వెనక్కిచ్చాడు. ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది. డీలర్ల డబ్బు నేను నా జేబులోంచే విడతలవారీగా కట్టాను, అది వేరే కథ.

ఈ మాట ఎందుకు చెప్పానంటే, టూరిజం కోలుకుందా లేదా అన్నది తెరిచిన రోజున తేలదు, మూసి ఉన్న రోజుల్లోనే తేలిపోతుంది. ఆ నెలల్లో ఎవరు నిలబడ్డారో వాళ్లతోనే తర్వాత బండి నడవాలి. థాయ్ ప్రభుత్వం ఈ విషయంలో కొంత చేసింది. సోషల్ సెక్యూరిటీలో పేరున్న ఉద్యోగులకి జీతంలో 62 శాతం మూడు నెలల దాకా ఇచ్చారు, దానికీ ఒక పరిమితి ఉందిలెండి. పేరు లేని వాళ్లకి, అంటే టాక్సీలు, తోపుడు బళ్లు, మసాజ్ పనివాళ్లు, వీళ్లకి నెలకి 5,000 బాత్‌ల (బాత్ అంటే అక్కడి కరెన్సీ) చొప్పున మూడు నెలలు. బాగానే ఉంది. కానీ మూత మూడు నెలలు కాదు కదా, రెండేళ్లు.

జనం ఏం చేస్తారు? ఊరెళ్లిపోతారు. పట్టాయాలో, ఫుకెట్‌లో హోటళ్లలో పనిచేసేవాళ్లలో చాలామంది ఈశాన్ వాళ్లు, అంటే ఈశాన్య థాయ్‌లాండ్, వరి పండే ప్రాంతం. మన శ్రీకాకుళం వాళ్లు పనుల కోసం హైదరాబాద్, చెన్నై వెళ్లినట్టు వాళ్లు సముద్రం వైపు వస్తారు. వాళ్లే కాదు, ఏనుగులు కూడా ఇంటిదారి పట్టాయి! చియాంగ్ మాయ్ దగ్గర క్యాంపుల్లో టూరిస్టులు లేక మేత ఖర్చు మోయలేక, 2020 ఏప్రిల్లో వందకి పైగా ఏనుగుల్ని మావటీలు కొండల్లోని సొంత ఊళ్లకి నడిపించుకుంటూ తీసుకెళ్లారు. అక్కడ కనీసం గడ్డి దొరుకుతుంది.

విమానాల సంగతి సరేసరి. థాయ్ ఎయిర్‌వేస్ 2020లోనే అప్పులు తీర్చలేక దివాలా కోర్టు రక్షణలోకి వెళ్లింది. ఎగరని విమానాల కంపెనీ పొద్దున్నే తినే పిండి వేపుడు, అక్కడ పాతోంగ్‌కో అంటారు, అది వేయించి డబ్బాల్లో పెట్టి అమ్మింది, జనం లైన్లో నిలబడి మరీ కొన్నారు. నవ్వొస్తుంది గానీ, ఆ కంపెనీ ఆ కోర్టు రక్షణ నుంచి బయటపడింది 2025లో. అయిదేళ్లు!

ఇక రాయితీలు. 2020 జులైలో లోపలి టూరిజం కోసం ఒక పథకం పెట్టారు, పేరుకి తెలుగులో చెప్పుకుంటే 'మనం కలిసి తిరుగుదాం'. హోటల్ గది అద్దెలో 40 శాతం, రాత్రికి 3,000 బాత్‌ల దాకా ప్రభుత్వం కడుతుంది, టికెట్‌లో కొంత, తిండికి కూపన్లు. ఉపయోగం లేకపోలేదు. కానీ బ్యాంకాక్ జనం శుక్రవారం సాయంత్రం కారెక్కి వెళ్లగలిగే హువా హిన్, పట్టాయా, ఖావో యాయ్ నిండాయి గానీ, విమానమెక్కాల్సిన ఫుకెట్ ఖాళీగానే ఉంది. ఆదివారం మధ్యాహ్నానికి అందరూ గదులు ఖాళీ చేసి వెళ్లిపోతారు, సోమవారం నుంచి హోటల్లో మళ్లీ నిశ్శబ్దం. పైగా ఆ ఏడాది చివరికి దొంగ బుకింగులు, పెంచిన రేట్లు, లేని అతిథుల పేరు మీద కూపన్లు బయటపడి వందల హోటళ్ల మీదా దుకాణాల మీదా విచారణ పెట్టారు. ఆకలితో ఉన్నవాడి ముందు సబ్సిడీ పెడితే ఏమవుతుందో మన దగ్గరా చూస్తూనే ఉన్నాం. రాయితీ హోటల్‌కి ఊపిరి నిలబెట్టగలదు, అంతవరకే. విదేశీ టూరిస్టు పదిరోజులుండి ఖర్చు పెట్టేదానికి స్థానికుడి రెండు రాత్రులు ఎక్కడ సరిపోతాయి?

ఆ రాయితీ కంటే నాకు తెలివైనదిగా అనిపించింది ఇంకోటి ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడరు. 2021లో బ్యాంక్ ఆఫ్ థాయ్‌లాండ్, అంటే మన రిజర్వ్ బ్యాంకు లాంటిది, 10,000 కోట్ల బాత్‌లు పక్కన పెట్టి ఒక ఏర్పాటు చేసింది. అప్పు కట్టలేని హోటల్ ఓనరు హోటల్‌ని తనకి అప్పిచ్చిన బ్యాంకుకి అప్పగించి అప్పు చెల్లు చేయించుకోవచ్చు, అయిదేళ్లలోపు దాదాపు అదే ధరకి, ఏడాదికి ఒక శాతం చొప్పున ఖర్చు కలిపి తిరిగి కొనుక్కోవచ్చు. అంటే బంగారం తాకట్టు పెట్టినట్టే, వేలంపాట భయం లేకుండా. పెద్ద హోటళ్లకే ఎక్కువ ఉపయోగపడింది, పాతిక గదుల గెస్ట్‌హౌస్ వాడికి బ్యాంకులో అంత పలుకుబడి ఎక్కడిది? నా వోచర్ హోటల్ ఆ రెండో రకం.

తెరవడం మొదట్లో ఎలా చేశారంటే, చూస్తే జాలేస్తుంది. 2020 అక్టోబరులో ప్రత్యేక టూరిస్టు వీసా అని పెట్టి షాంఘై నుంచి 39 మందిని దింపారు. ముప్ఫై తొమ్మిది! అందరూ 14 రోజులు క్వారంటైన్. తర్వాత గోల్ఫ్ ఆడుతూ క్వారంటైన్ గడపొచ్చన్నారు. ఎంత బతిమాలినా గదిలో రెండువారాలు కూర్చోవడానికి డబ్బిచ్చి ఎవడొస్తాడండీ? ఆ రోజుల్లో ఎంత గొప్ప ప్రకటన వేసినా దండగే. మీ ప్రశ్నలో ప్రకటనల ముక్కకి నా జవాబు ఇదే: థాయ్‌లాండ్ ఎలా ఉంటుందో ప్రపంచంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, వెళ్లడానికి ఏమేం కాగితాలు కావాలో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు.

అసలు మలుపు 2021 జులై 1, ఫుకెట్ శాండ్‌బాక్స్. ముందు దీవిలో 70 శాతం జనానికి టీకాలు వేశారు, దేశంలో మిగతావాళ్ల కంటే ముందు. టీకా వేసుకున్న విదేశీయుడు దీవిలో స్వేచ్ఛగా తిరగొచ్చు, 14 రాత్రులు అక్కడే ఉంటే తర్వాత దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు. మూడు పీసీఆర్ పరీక్షలు, లక్ష డాలర్ల ఇన్సూరెన్స్, సర్టిఫికెట్ ఉన్న హోటల్లోనే బస. మూడు నెలల్లో లక్షమంది వస్తారనుకున్నారు, 40 వేలు కూడా దాటలేదు. ఆ ఆగస్టులోనే దేశంలో రోజుకి 20 వేల పైన కేసులు. పేపర్లన్నీ ఫెయిలైందన్నాయి. నేను ఒప్పుకోను. అది వసూలు కోసం వేసిన ఆట కాదు, రిహార్సల్. ఎయిర్‌పోర్టులో పరీక్ష ఎంతసేపట్లో చేయగలం, పాజిటివ్ వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలి, ఆ బిల్లు ఎవరు కట్టాలి, హోటల్ మేనేజర్ ఎవరికి ఫోన్ చేయాలి – ఇవన్నీ ఒక దీవిలో నేర్చుకుని నవంబరు 1న దేశమంతా అమలు చేశారు. అప్పటికి నిబంధన ఒక్క రాత్రికి దిగింది: దిగగానే పరీక్ష, ఫలితం వచ్చేదాకా హోటల్ గది, అంతే. ఒమిక్రాన్‌కి భయపడి డిసెంబరులో ఆపారు, ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు, 2022 మే 1న ఆ పరీక్ష ఎత్తేశారు, జులై 1న ముందస్తు రిజిస్ట్రేషన్, అదే థాయ్‌లాండ్ పాస్, అదీ ఎత్తేశారు.

నా ఆఫీసు ఫోన్ ఎప్పుడు మోగిందో చెప్తా వినండి. పరీక్ష ఒక్క రాత్రికి తగ్గినప్పుడు కాదు, ఇన్సూరెన్స్ తగ్గించినప్పుడు కాదు. పరీక్ష పూర్తిగా పోయిన వారంలో. కస్టమర్ భయం జబ్బు కాదు, 'అక్కడ పాజిటివ్ వస్తే ఇరుక్కుపోతానా?' అన్నది. సగం తీసిన తలుపు మన జనానికి మూసిన తలుపు కిందే లెక్క.

కానీ కాగితాలు పోతే సరిపోయిందా? మన దేశమే మామూలు అంతర్జాతీయ విమానాలని 2022 మార్చి 27 దాకా ఆపి ఉంచింది, రెండు దేశాలు విడిగా మాట్లాడుకుని చేసుకున్న 'బబుల్' ఒప్పందాల మీద ఏవో కొన్ని నడిచాయి. తెరిచాక కూడా సర్వీసులు తక్కువ, రేట్లు ఆకాశంలో. కోవిడ్‌కి ముందు నేను మొత్తం ప్యాకేజీ ఇచ్చిన రేటుకి దగ్గర్లో వట్టి టికెట్ ఉండేది. ఎయిర్‌లైన్స్ తప్పని కూడా అనలేం, ఎడారుల్లో ఏళ్లపాటు పార్క్ చేసిన విమానాన్ని ఆటో స్టార్ట్ చేసినట్టు స్టార్ట్ చేయలేరు కదా, పైలట్లకి మళ్లీ ట్రైనింగ్, ఇంజిన్లకి పార్టులు. 2024 ఏప్రిల్లో థాయ్ ఎయిర్‌ఏషియా విశాఖ నుంచి బ్యాంకాక్ నడపడం మొదలుపెట్టాక గానీ మా కోస్తా గ్రూపులకి లెక్క కుదర్లేదు. హైదరాబాద్ నుంచి నేరుగా ఫుకెట్ సర్వీసులు ఆ తర్వాతే.

ఇక మూడోది, మనుషులు. 2022 జూన్ చివర్లో మొదటి గ్రూపు తీసుకెళ్లాను, 18 మంది. పట్టాయాలో మేం దిగిన వీధిలో ప్రతి మూడు షట్టర్లలో ఒకటి మూసే ఉంది, తాళాలకి తుప్పు, అద్దెకివ్వబడును అన్న బోర్డుల మీద ఫోన్ నంబర్లు ఎండకి వెలిసిపోయి ఉన్నాయి. అక్కడ ప్రతి దుకాణం ముందూ, హోటల్ ముందూ స్తంభం మీద చిన్న గుడిలాంటిది ఉంటుంది, స్థలదేవతకి. రోజూ పూలదండ వేసి ఎర్ర ఫాంటా సీసాలో స్ట్రా పెట్టి నైవేద్యం పెడతారు. మూసిన హోటళ్ల ముందు ఆ గుళ్లలో సీసాలు అలాగే ఉన్నాయి, ఫాంటా రంగు పోయి అడుగున బురదలా, దాంట్లో చీమలు. పదిహేనేళ్లలో నాకు పట్టాయాలో దిగులేసింది ఆ ఒక్కసారే.

మా హోటల్ తెరిచి ఉంది గానీ పన్నెండు అంతస్తుల్లో ఐదే నడుస్తున్నాయి. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఒక్క అమ్మాయి, తనే ఆమ్లెట్ వేస్తుంది, తనే ప్లేట్లు తీస్తుంది, మధ్యలో పరిగెత్తి రిసెప్షన్‌లో ఫోన్ ఎత్తుతుంది. మావాళ్లలో ఒక పెద్దాయన 'నాలుగు నక్షత్రాలన్నావ్, ఒక్క మనిషి లేడేంటయ్యా' అని నామీద కోపం. రూమ్ క్లీనింగ్ రోజు మార్చి రోజు. గ్రూపులకి ఇండియన్ భోజనం పెట్టే హోటళ్లలో వంటవాళ్లు ఇండియా వెళ్లిపోయి తిరిగి రాలేదు, పప్పేమో చారు కంటే పల్చగా ఉంది. గదులున్నాయి, కస్టమర్లున్నారు, దుప్పటి మార్చే చెయ్యి లేదు. ఆ ఏడాది థాయ్‌లాండ్‌లో ఏ హోటల్ వాడిని కదిలించినా ఇదే గోల.

తిరిగి వచ్చింది కూడా పాత జనం కాదు, ఇది గమనించండి. 2019లో వచ్చినవాళ్లలో నాలుగో వంతు పైనే చైనా వాళ్లు, కోటీ 10 లక్షల దాకా. దేశం మొత్తం వాళ్ల కోసమే కట్టుకున్నట్టుండేది, బోర్డులు, బస్సులు, బఫేలు అన్నీ. చైనా 2023 జనవరిలో గేట్లు తెరిస్తే థాయ్ ఆరోగ్యమంత్రి స్వయంగా ఎయిర్‌పోర్టుకెళ్లి దండలు వేశారు. ఆ ఏడాది వచ్చింది 35 లక్షలు. వీసా తీసేశారు, 2024లో 67 లక్షలయ్యారు. 2025 జనవరిలో ఒక చైనా నటుణ్ని థాయ్ సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల డెన్‌కి ఎత్తుకెళ్లారన్న వార్త వచ్చింది, పోలీసులు వెనక్కి తెచ్చారు గానీ చైనా కుటుంబాలు టికెట్లు రద్దు చేసుకున్నాయి, మార్చిలో భూకంపం, ఆ ఏడాది 45 లక్షల చుట్టూ ఆగిపోయారు. 2025 ఎందుకు జారిందన్నారు కదా, పెద్ద కారణం ఇది. పంటంతా ఒకే దుకాణానికి అరువు మీద పోసే రైతు పరిస్థితి.

మనవాళ్లు ఆ ఖాళీలో కొంత నిండారు. 2019లో 20 లక్షలకి దగ్గరగా ఉండేవాళ్లం, 2023 నవంబరు 10న మనకి వీసా తీసేశాక 2024లో 21 లక్షలు, 2025లో 25 లక్షలకి దగ్గరగా వెళ్లాం. అంతకుముందు ఎయిర్‌పోర్టులో 2,000 బాత్‌లు కట్టి, ఫొటో పట్టుకుని, రెండు గంటలు లైన్. మనిషికి ఐదు వేల రూపాయలు మిగలడం పెద్ద విషయం కాదు, ఆ లైన్ పోవడం పెద్ద విషయం. అందుకే అంటున్నా, ప్రభుత్వం పైసా ఖర్చు లేకుండా చేసిన పని రాయితీల కంటే ఎక్కువ ఇచ్చింది.

డబ్బు లెక్క మాత్రం వేరుగా చూడండి, మీ రిపోర్టులో మనుషుల అంకె ఒక్కటే పెడితే తప్పవుతుంది. 2019లో విదేశీయుల నుంచి వచ్చింది 1.91 లక్షల కోట్ల బాత్‌లు, 2024లో 1.67 లక్షల కోట్లు. తలకి భాగిస్తే 2019లో 48 వేలు, 2024లో 47 వేలు. ఐదేళ్లలో కరెంటు, కూలి, నూనె ఎంత పెరిగాయో వేసుకుంటే హోటల్ వాడికి మిగిలేది తగ్గింది. మా గ్రూపులూ అంతే, ఐదు రాత్రులు పోయి నాలుగయ్యాయి, షాపింగ్ సగమైంది.

మంచి జరగలేదా అంటే, ఒకటి రెండు జరిగాయి. మాయా బే అని ఫీఫీ దీవుల్లో ఒక చిన్న తీరం, జనం తాకిడికి పగడాలు చచ్చిపోతే 2018లోనే మూసేశారు. 2022 జనవరిలో తెరిచినప్పుడు పడవలు తీరంలోకి రాకూడదు, వెనక వైపు దిగి చెక్క బాట మీద నడిచి రావాలి, విడతకి ఇంతమందే, ఈత లేదు, ఏటా ఆగస్టు, సెప్టెంబరు మూత. మావాళ్లు గొణుగుతారు, మోకాలి లోతు నీళ్లలో నిలబడటానికి ఇంత దూరమా అని. నీళ్లలో చిన్న షార్క్ పిల్ల కాళ్ల పక్కనుంచి పోతే మాత్రం గొణుగుడు ఆగిపోతుంది.

చివరగా మా గైడ్ సంగతి చెప్పి ఆపుతా, మనుషులు తిరిగి రావడం అంటే ఏంటో మీకు అర్థమవుతుంది. ఉదోన్ థానీ వైపు మనిషి, పన్నెండేళ్లు నాతో చేశాడు, 'రండి రండి, టైమ్ లేదు, బాబాయ్ ఎక్కడ?' అనేంత తెలుగు వచ్చు. 2020 మేలో వ్యాన్ ఫైనాన్స్ వాళ్లకి అప్పగించి ఊరెళ్లిపోయాడు. 2023లో ఫోన్ చేసి రమ్మంటే, వాళ్లావిడ ఊళ్లో నూడిల్స్ బండి పెట్టిందట, పొలం ఉంది, పిల్ల బడికెళ్తోంది. ఇప్పుడు కోతలయ్యాక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వస్తాడు, అదీ అద్దె వ్యాన్‌తో. మిగతా ఎనిమిది నెలలు నేను కొత్త కుర్రాళ్లతో సర్దుకుంటున్నాను, వాళ్లకి ఇంకా బాబాయ్ అనడం రాదు.